‘ఇది పోతే?’ అని అడిగిన చేతులు
విశాఖలో ఒక సోలార్ ఇంటి పనితనం

ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్ళు కనిపిస్తే మనం అడిగేవి మూడే ప్రశ్నలు. ఎన్ని కిలోవాట్లు, ఎంతయింది, బిల్లు ఎంత తగ్గింది. మూడూ అడగవలసినవే. కానీ ఆ మూడింటికీ ఒకే జవాబు చెప్పే రెండు ఇళ్ళలో ఒకటి పాతికేళ్ళు నడవవచ్చు, రెండోది మూడో వానాకాలానికే మొరాయించవచ్చు. ఆ తేడా పనిచేసిన చేతుల్లో ఉంటుంది. విశాఖపట్నంలో నేను చూసిన ఒక ఇంటి పనిని డాబా మీది బోల్టు నుంచి మెట్ల కింది బ్యాటరీ దాకా పరిచయం చేయాలనిపించింది అందుకే.

సముద్రానికి దగ్గరలో ఉన్న డాబా ఇల్లు అది. రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య ఉంటారు. పైన 550 వాట్ల ప్యానెళ్ళు ఆరు, అంటే 3.3 కిలోవాట్లు. లోపల 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్, 10 యూనిట్లకు పైగా దాచుకునే లిథియం బ్యాటరీ, వీటన్నిటినీ గమనిస్తూ ఉండే అరచేతిలో పట్టేంత కంప్యూటర్. స్టాండు, వైరింగు పని ఆ ఊరి ఎలక్ట్రీషియన్‌ది. కంప్యూటర్ పని మాస్టారి అమ్మాయిది. ఇద్దరి చదువులూ వేరు, పనిముట్లూ వేరు. పని తీరు మాత్రం ఒక్కటే. ప్రతి వస్తువు దగ్గరా ఆగి ‘ఇది పోతే?’ అని అడిగారు. జవాబు దొరికాకే ముందుకు కదిలారు.

గాలికి నిలిచేలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. కరెంటు స్తంభాలు, టవర్లు కూలిపోయి ఎన్నో పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ ఊళ్ళో డాబా మీద ఏది నిలబెట్టాలన్నా ముందు గాలికి జవాబు చెప్పాలి. భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగం తీసుకోమంటుంది. గంటకు 180 కిలోమీటర్లన్నమాట. ఆ వేగంతో వీచే గాలి ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 150 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి చూపుతుంది. ఒక ప్యానెల్ వైశాల్యం దాదాపు 2.6 చదరపు మీటర్లు. వాలును బట్టి, డాబా మీద అది ఉన్న చోటును బట్టి లెక్క మారుతుంది గాని, మొత్తం మీద ఒక్కో ప్యానెల్‌ను లాగే బలం వందల కిలోల్లోనే ఉంటుంది. ప్యానెల్ బరువు చూస్తే 28 కిలోలు. కాబట్టి ఈ స్టాండుకు మోసే పని చిన్నది, గాలి ఎత్తుకుపోకుండా పట్టి ఉంచే పని పెద్దది.

ఎలక్ట్రీషియన్ పని అక్కడ మొదలైంది. స్లాబు మీద ఎక్కడపడితే అక్కడ రంధ్రం వెయ్యలేదు. కింద దూలాలు ఏ వరసలో వెళ్తున్నాయో గుర్తించి, వాటి మీదికే వచ్చేలా కాళ్ళ చోట్లు నిర్ణయించాడు. అక్కడ కెమికల్ యాంకర్లతో ఇనుప చువ్వలు దింపి, వాటి చుట్టూ చిన్న కాంక్రీటు దిమ్మెలు పోసి, దిమ్మె స్లాబును కలిసే అంచు చుట్టూ నీరు దిగకుండా పూత వేశాడు. స్లాబు కారడం మొదలైతే మంచి ప్యానెల్ కూడా ఇంటివాళ్ళకి శత్రువైపోతుందని అతనికి తెలుసు.

వాలు విషయంలో అతని నిర్ణయం నాకు బాగా నచ్చింది. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. దక్షిణం వైపు తిప్పి దాదాపు అంతే వాలు ఇస్తే ఏడాది మొత్తానికి ఎక్కువ కరెంటు వస్తుందని పుస్తకం చెబుతుంది. అతను 10 డిగ్రీలే ఇచ్చాడు. దానివల్ల పోయే ఉత్పత్తి ఒక శాతం అటూ ఇటూ. తగ్గే గాలిపోటు మాత్రం చెప్పుకోదగ్గది. అంతకన్నా పడుకోబెడితే దుమ్ము వానకు కడుక్కుపోకుండా కింది అంచున పేరుకుంటుంది. అందుకే పది కన్నా తగ్గించలేదు.

ప్యానెళ్ళ కింద మనిషి వంగి నడిచేంత ఖాళీ వదిలాడు. శుభ్రం చేయడానికీ, మరమ్మతుకీ ఆ చోటు కావాలి. గాలి ఆడటానికి ఇంకా ఎక్కువ కావాలి. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల వేడిలో కొలిచినవి. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్ళు 65 డిగ్రీలకు చేరుతుంది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా సుమారు 0.35 శాతం శక్తి తగ్గుతుంది. 40 డిగ్రీల తేడాకు 14 శాతం. రేకుకు అతికించినట్టు బిగించిన ప్యానెల్ కింద ఊపిరాడక ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. ఎండ బాగా కాసే మన ప్రాంతంలో ప్యానెల్‌కు ఎండ ఎంత ముఖ్యమో కింద గాలీ అంత ముఖ్యం.

తర్వాతిది ఉప్పు. స్టాండు ఇనుముకు కరిగిన జింకులో ముంచి పూత వేయిస్తారు. సామాన్యంగా జరిగే పొరపాటు ఏమిటంటే, ముంచి తెచ్చిన ఇనుమును డాబా మీద కోసి, వెల్డింగు చేసి, ఆ మచ్చల మీద వెండిరంగు పులమడం. వెల్డింగు వేడికి జింకు కాలిపోతుంది. సముద్రపు గాలి సరిగ్గా అక్కడే తుప్పు మొదలుపెడుతుంది. ఇతను కొలతలన్నీ ముందే తీసుకుని, కోతలూ రంధ్రాలూ అన్నీ పూర్తయ్యాకే జింకు పూతకు పంపాడు. డాబా మీద ఒక్క వెల్డింగు కూడా లేదు, అంతా బోల్టుల బిగింపే. ప్యానెల్ చట్రం అల్యూమినియం, బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండూ ఉప్పునీటి తడిలో నేరుగా తగిలితే అల్యూమినియం తరిగిపోతుంది. కాబట్టి మధ్యలో విద్యుత్తును పారనివ్వని వాషర్లు వేశాడు. అలా వేస్తే చట్రానికి, స్టాండుకు మధ్య ఎర్తు కలవదు. అందుకే ప్రతి చట్రానికీ తగరం పూసిన లగ్గుతో విడిగా ఎర్తు వైరు కట్టాడు. ఒక సమస్యకు వేసిన మందు ఇంకో సమస్యను తెస్తుందని గమనించి, దానికీ మందు వేయడం పనివాడికి వెంటనే వచ్చే విద్య కాదు.

వైరు, లగ్గు, వేడి

ఆరు ప్యానెళ్ళనూ ఒకే వరసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ కిందికి దిగుతుంది. మన ఇళ్ళలో తిరిగే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాను దాటుతుంది. స్విచ్చు తీసినప్పుడు పుట్టే నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. వదులైన కనెక్టర్‌లో ఒకసారి ఆర్క్ పుట్టిందంటే అది ఆరకుండా మండుతూనే ఉంటుంది. సోలార్ ఇళ్ళలో జరిగే అగ్ని ప్రమాదాలకు వదులు కనెక్టర్లు ఒక ముఖ్య కారణం.

అందుకే ఇతను ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్‌లో దూర్చలేదు. చూడటానికి అవి ఇమిడిపోతాయి గాని లోపలి లోహం సరిగ్గా పట్టుకోదు. ప్యానెల్ వెనకనుంచి వచ్చే కనెక్టర్ ఏదో చూసి, అదే రకం తెప్పించి, దానికి తగిన క్రింపింగ్ పట్టకారుతో నొక్కాడు. కేబుళ్ళు డాబా మీద పొర్లకుండా చట్రానికి క్లిప్పులతో కట్టి ఉన్నాయి. ప్లస్సూ మైనస్సూ మొదటినుంచి చివరిదాకా పక్కపక్కనే నడుస్తాయి. రెండూ విడివిడిగా దూరంగా వెళ్తే మధ్యలో పెద్ద వలయం ఏర్పడి, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఆ వలయంలో వోల్టేజి పుట్టి ఇన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఉత్తరాంధ్రకు పిడుగులు కొత్త కాదు. సర్జ్ ప్రొటెక్టర్లు డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి ఉన్నాయి.

బ్యాటరీ వైపు కష్టం వేరు. అక్కడ వోల్టేజి 51 మాత్రమే, కాబట్టి అదే శక్తికి ఆంపియర్లు పెరుగుతాయి. ఇన్వర్టర్ పూర్తి లోడు మీద నడిస్తే ఆ కేబుళ్ళలో 100 ఆంపియర్లు పారతాయి. కీలు దగ్గర పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లగ్గు సరిగా నొక్కక అక్కడ ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం మిగిలినా 10 వాట్ల వేడి ఆ చిన్న చోటే పుడుతుంది. ఐదు మిల్లీ ఓములైతే 50 వాట్లు. ప్లాస్టిక్ మెత్తబడటానికి అది చాలు. ఇతను హైడ్రాలిక్ పట్టకారుతో లగ్గులు నొక్కి, టార్క్ రెంచితో నట్లు బిగించి, ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి ఒక ఎర్ర గీత గీశాడు. నట్టు కొంచెం కదిలినా గీత విరుగుతుంది, దూరంనుంచే తెలుస్తుంది. ఆ గీతకు ఖర్చేమీ లేదు. రెండేళ్ళ తర్వాత వచ్చి చూసే మనిషిని ముందుగా తలుచుకున్న పనివాడు మాత్రమే దాన్ని గీస్తాడు.

మెట్ల కింద ఉన్న శక్తి

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 1990ల నడుమ టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ ప్రయోగశాలలో ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని తేలింది. 1997లో వెలువడిన పరిశోధన పత్రంలో మొదటి పేరు భారతీయుడైన అక్షయ పాఢిది. గుడినఫ్‌కు లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో నోబెల్ వచ్చింది. ఈ పదార్థంలో ఫాస్ఫరస్, ఆక్సిజన్‌ల బంధం చాలా గట్టిది. వేడెక్కినా ఆక్సిజన్ తేలిగ్గా బయటికి రాదు. అందుకే ఇంట్లో పెట్టుకునే బ్యాటరీకి ఇది నమ్మదగ్గ రకం. 3.2 వోల్టుల సెల్లులు 16 వరసగా కలిస్తే 51.2 వోల్టులు, 200 ఆంపియర్ అవర్ల సామర్థ్యానికి 10.24 యూనిట్లు.

దాన్ని డాబా మీది గదిలో పెట్టలేదు. అక్కడి వేసవి వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. వంటింట్లోనూ పెట్టలేదు. ఉత్తరం వైపు మెట్ల కింద, గాలి వచ్చే చోట, గోడకు బిగించి, నేలనుంచి రెండడుగుల ఎత్తులో ఉంచారు. వాననీరు ఇంట్లోకి వచ్చిన రోజున ఆ రెండడుగుల విలువ తెలుస్తుంది.

బ్యాటరీని ఎలా వాడాలన్నది అమ్మాయి తేల్చింది. ఇంటికి నెట్ మీటర్ ఉంది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి వెళ్ళి లెక్కలో జమ అవుతుంది. అలాంటప్పుడు రోజూ బ్యాటరీని నింపి ఖాళీ చేయడం వల్ల లాభం కన్నా అరుగుదల ఎక్కువ, నింపడంలోనూ తీయడంలోనూ పోయే శక్తి అదనం. బ్యాటరీ ఈ ఇంట్లో కరెంటు పోయిన వేళ కోసం ఉంది. నిండుగా నెలల తరబడి ఉంచితే లిథియం సెల్లు త్వరగా పాతబడుతుంది కాబట్టి మామూలు రోజుల్లో 50 నుంచి 80 శాతం మధ్యే ఉంచుతుంది. నెలకోసారి మాత్రం పూర్తిగా నింపుతుంది. ఈ రకం సెల్లు వోల్టేజి చాలాసేపు ఒకే మట్టంలో ఉంటుంది, దాన్ని చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపలికి వెళ్ళిన, బయటికి వచ్చిన ఆంపియర్లను కూడుతూ తీసివేస్తూ పోవాలి. ఆ లెక్కలో తప్పులు పేరుకుంటాయి. నిండుగా నింపినప్పుడు లెక్క సరిపడుతుంది, 16 సెల్లులూ సమానమవుతాయి.

కరెంటు పోయిన క్షణం

చాలామంది సోలార్ పెట్టించుకున్నాక తెలుసుకునే సంగతి ఒకటుంది. బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇన్వర్టర్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. అది లోపం కాదు. లైను ఆపేశామనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ మన ఇంటి కరెంటుకు బలికాకూడదని పెట్టిన నియమం. హైబ్రిడ్ ఇన్వర్టర్ ఆ నియమాన్ని పాటిస్తూనే లైను నుంచి ఇంటిని విడదీసి, బ్యాటరీతో, ప్యానెళ్ళతో విడిగా నడుపుతుంది. మార్పుకు పట్టేది 20 మిల్లీ సెకన్ల లోపు.

ఆ సౌకర్యం నిజంగా పనిచేయాలంటే ఇంటి వైరింగును రెండుగా విడగొట్టాలి. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, వైఫై, వంటింట్లో ఒక ప్లగ్గు ఒక బోర్డులోకి వచ్చాయి. గీజరు, ఏసీ, బోరు మోటారు రెండో బోర్డులో ఉన్నాయి. చెప్పడానికి తేలికే. పాత ఇళ్ళలో ఏ గది న్యూట్రల్ ఏ జంక్షన్ బాక్సులో దేనితో కలిసిందో ఎవరికీ గుర్తుండదు. ఫేజులు విడదీసి న్యూట్రళ్ళు కలిపే వదిలేస్తే కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్పవుతుంది, లేదా అంతకన్నా ప్రమాదంగా ఆపేశామనుకున్న బోర్డులోకి కరెంటు వస్తుంది. “న్యూట్రల్ వెతకడానికే ఎక్కువ రోజులు పట్టింది మాస్టారూ, మిగతాదంతా బిగింపే” అన్నాడట ఎలక్ట్రీషియన్. ఒక్కో బాక్సూ విప్పి, ఒక్కో వైరునూ మీటరుతో పట్టుకుని, చివరలకు నంబర్ల రింగులు తొడిగాడు. గోడ వెనక ఉండిపోయే ఈ పనికి ఎవరూ మెచ్చుకోరు. నేను ఆ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకున్నది దీన్నే.

మొదటి బోర్డు మీది లోడు సగటున 250 వాట్లు. ఆ లెక్కన నిండు బ్యాటరీ ఎండ చుక్క లేకపోయినా ఒకటిన్నర రోజు నడుపుతుంది. మబ్బు రోజున వచ్చే కొద్దిపాటి కరెంటు దాన్ని ఇంకా లాగుతుంది.

తెలివి ఎక్కడ ఆగాలి

ఆటోమేషన్‌కు అమ్మాయి ఎంచుకున్నది హోమ్ అసిస్టెంట్. 2013లో పౌలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టిన ఉచిత, బహిరంగ సాఫ్ట్‌వేర్ ఇది. ఇంట్లోని కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు. ఇన్వర్టర్‌తో మాట్లాడటానికి మోడ్‌బస్ వాడింది. ఫ్యాక్టరీ యంత్రాల కోసం 1979లో పుట్టిన పద్ధతి అది. పాతది, సాదాది, ఎవరైనా చదవగలిగేది. కంపెనీ యాప్ రేపు మూతబడినా ఆ తీగ మీద అంకెలు వస్తూనే ఉంటాయి.

బోరు మోటారు నియమం ఒక్కటి చూస్తే ఆమె నేర్పు తెలుస్తుంది. ప్యానెళ్ళ కరెంటు మిగులుతున్నప్పుడు మోటారు వెయ్యాలి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా మోటారు ఆగి మొదలైతే వైండింగు కాలిపోతుంది, కాబట్టి మిగులు ఐదు నిమిషాలు నిలకడగా ఉంటేనే మొదలవుతుంది, మొదలయ్యాక పావుగంట కచ్చితంగా నడుస్తుంది. మధ్యలో ట్యాంకు నిండినా, బోరులో నీళ్ళు అందకపోయినా మాత్రం వెంటనే ఆగుతుంది. ట్యాంకు పావు వంతుకు పడిపోతే ఎండతో పనిలేకుండా లైను కరెంటు మీద నడుస్తుంది, ఎందుకంటే పొదుపు కన్నా స్నానానికి నీళ్ళు ముఖ్యం. కంప్యూటర్ మోటారు వేసి, ఆపేలోగా తానే చచ్చిపోతే? స్టార్టర్ దగ్గరున్న చిన్న కంట్రోలర్‌కు సొంత గడియారం ఉంది. రెండు నిమిషాలు కబురు అందకపోతే అదే మోటారును ఆపేస్తుంది. ఆ కంట్రోలరూ పోతే? పక్కనే పాత పచ్చ, ఎర్ర బొత్తాలు అలాగే ఉన్నాయి. ఆమె అమ్మ వాటితో వేసుకుంటుంది.

బ్యాటరీ భద్రతలో కంప్యూటర్‌కు ఏ పాత్రా ఇవ్వలేదు. సెల్లు వేడి, వోల్టేజి హద్దు దాటితే బ్యాటరీలోని కాపలా సర్క్యూట్ (బీఎంఎస్) కరెంటును తానే కోసేస్తుంది. దాని మాట ఇన్వర్టర్ వింటుంది. కంప్యూటర్ సలహా ఇస్తుందంతే. దాని ప్లగ్గు పీకేసినా ఇల్లు నడుస్తుంది, కొంచెం తెలివి తక్కువగా నడుస్తుంది. ఇంటి ఆటోమేషన్ ఎలా ఉండాలో ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు తెలియదు.

హాల్లో గోడమీద ‘తుపాను’ అని తెలుగులో రాసిన బొత్తాం ఒకటుంది. అది నొక్కితే బ్యాటరీ లైను నుంచైనా సరే వంద శాతం నిండుతుంది, ట్యాంకు నిండుతుంది. వాతావరణ హెచ్చరికను కంప్యూటరే చదివి ఈ పని చేసేలా రాయడం ఆమెకు కష్టం కాదు. “వద్దు, రేడియో విని అమ్మే నొక్కుతుంది” అంది. ఆ తీరంలో ఏళ్ళ తరబడి బతికిన మనిషికి సముద్రం సంగతి ఎక్కువ తెలుసునని ఆమె గౌరవించింది. ఇన్వర్టర్ పక్కన గోడకు మొత్తం వైరింగు పటం, ఆపవలసిన వరస తెలుగులో రాసి ఉన్నాయి. ముందు లోడు, తర్వాత ప్యానెళ్ళ డీసీ ఐసోలేటర్, చివర బ్యాటరీ. లోడు నడుస్తుండగా డాబా మీది కనెక్టర్లు పీకరాదని ఎర్ర అక్షరాల్లో ఉంది. ఈ ఇద్దరూ అందుబాటులో లేని రోజున మూడో మనిషి వచ్చి ఈ ఇంటిని అర్థం చేసుకోగలడు.

మీరు పెట్టించేటప్పుడు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ డాబాల మీద ప్యానెళ్ళు వేగంగా పెరుగుతున్నాయి. రాయితీ కిలోవాట్లను లెక్కిస్తుంది. లగ్గు నొక్కిన తీరును, విడదీసిన న్యూట్రల్‌ను లెక్కించదు. ఆ లెక్క మనమే చూసుకోవాలి.

చివరి వాయిదా ఇచ్చే ముందు డాబా ఎక్కండి. జింకు పూత మీద వెల్డింగు మచ్చలున్నాయేమో చూడండి. రెండు రకాల కనెక్టర్లు కలిపారేమో అడగండి. లైను మెయిన్ ఆపించి ఏవి వెలుగుతున్నాయో, ఏవి ఆగాయో మీ కళ్ళతో చూడండి. వైఫై ఆపేసి మోటారు వేయించండి. వైరింగు పటం గోడకు అంటించమనండి. వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పే పనివాడు దొరికితే నాలుగు వేలు ఎక్కువ అడిగినా ఇవ్వండి. ఆ డబ్బు ప్యానెల్ మీద పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది.